సరిచూచుట, దిద్దుట : భాషా నమూనాల వ్రాతలను ప్రోగ్రాముచే పరీక్షించు విధము

సరిచూచుట, దిద్దుట అను రెండు మాటలు విద్యార్థులకు మిక్కిలి పరిచితములు. లెక్క చేసినపిమ్మట జవాబు సరియో కాదో పరీక్షించుట మొదటిది. తప్పు కనబడినచో దానిని మార్చి ఒప్పు చేయుట రెండవది. ఈ రెండు పనులును ఒకటియని పలువురు తలంతురు గాని, అవి వేరు వేరు. భాగహారము చేసిన బాలుడు భాజకమును లబ్ధముచే గుణించి శేషమును కలిపి చూచును. భాజ్యము రానిచో ఎక్కడనో తప్పినదని మాత్రమే వానికి తెలియును. ఏ మెట్టున తప్పినదో, అచ్చట ఏ అంకె యుండవలెనో తెలియుటకు లెక్కను మరల మొదటినుండి చూడవలసినదే. తప్పున్నదని చెప్పగల సాధనము, ఒప్పేదియో చెప్పగల సాధనము కానక్కరలేదు.

ఈ భేదము ప్రాతదే యైనను, ఈ దినములలో దానికి క్రొత్త ప్రయోజనము కలిగినది. మనుష్యులవలె వాక్యములు వ్రాయు కంప్యూటరు ప్రోగ్రాములు ఆఫీసులలోను, ఆసుపత్రులలోను, పాఠశాలలలోను ప్రవేశించినవి. అవి వ్రాసినదానిని మరియొక ప్రోగ్రాము అందుకొని పట్టికలలో నింపుచున్నది. నడుమ సరిచూచువా రెవరు? తప్పు కనబడినచో దిద్దువా రెవరు? దిద్దిన దిద్దుబాటు సరియైనదని యెట్లు తెలియును? ఈ ప్రశ్నలను మా విద్యార్థులును, వారి తలిదండ్రులును గ్రహింపదగిన రీతిని ఈ పాఠమున విచారింతుము.

1. భాషా నమూనా యననేమి?

భాషా నమూనా యనగా, అపారమైన వ్రాతను చదివించి, ఒక మాటతునక తరువాత ఏ మాటతునక వచ్చుటకు ఎంత సంభావ్యత కలదో లెక్కకట్టునట్లు తర్ఫీదు చేయబడిన ప్రోగ్రాము. 2017వ సంవత్సరమున గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణము నేటి నమూనాలకు పునాదియైనది. 2022 నవంబరు 30వ తేదీన ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీని లోకమునకు విడుదల చేసిన పిమ్మట ఇట్టి నమూనాల పేరు ఇంటింట వినబడసాగెను.

ఈ నమూనా వాక్యమునంతయు ఒక్కసారి తలపోసి వ్రాయదు. ఒక తునకను ఎన్నుకొని వ్రాయును. వ్రాసినదానిని కలుపుకొని చూచి తరువాతి తునకను ఎన్నుకొనును. ఇంగ్లీషు మాట తరచుగ ఒకటి రెండు తునకలతో ముగియగా, మన తెలుగు మాట అనేకములైన చిన్న తునకలుగ విడిపోవుట కలదు. అంకెలును తునకలుగనే వచ్చును. కాబట్టి వాక్యము వ్యాకరణశుద్ధముగ నున్నను, అందలి సంఖ్య తారుమారు కావచ్చును. నమూనా యెన్నుకొనునది సంభావ్యమైన తునకను. అది సత్యమా యని విడిగ పరిశీలించు అంగము దానికి లేదు. అందుచేత అది సత్యమును వ్రాయునపుడును, అసత్యమును వ్రాయునపుడును కంఠస్వరము ఒక్కటే. తెలియని విద్యార్థి తడబడును, ఇది తడబడదు.

2. ఏమి పోవును?

ఒక ఉదాహరణమును తీసికొందము. ఒక ఉన్నత పాఠశాలకు ప్రతి సంవత్సరము అనేక గ్రామముల పాఠశాలలనుండి పిల్లలు వచ్చి చేరుదురనుకొనుడు. వారి పూర్వపాఠశాలల లేఖలు టైపు చేయబడి వచ్చును. ఒక్కొక్క లేఖ ఒక్కొక్క తీరున నుండును. ఒకదానిలో పుట్టినతేదీ మొదట నుండును, ఒకదానిలో చివర. ఒకరు మార్కులను పట్టికగా వేయుదురు, ఒకరు వాక్యముగా వ్రాయుదురు. ఈ లేఖలను భాషా నమూనాకు చూపి, పేరు, పుట్టినతేదీ, ఆరు విషయముల మార్కులు, మొత్తము అను వివరములను రిజిస్టరుకు తగిన రీతిని వ్రాయించిరనుకొనుడు. గుమాస్తాకు పలుదినములు పట్టు పని కొద్ది గంటలలో ముగియును.

కాని ఆంధ్రదేశమునందును తెలంగాణమునందును పదవ తరగతి సర్టిఫికెట్టులోని పుట్టినతేదీ జీవితమంతయు వెంటవచ్చునది. కళాశాలకును, ఉద్యోగమునకును, పాస్‌పోర్టుకును దానినే చూపుదురు. పాఠశాల రిజిస్టరులో ఒక్క అంకె తప్పినచో, ఆ తప్పు నామినల్ రోలులోనికి, దానినుండి సర్టిఫికెట్టులోనికి నడచును. పిమ్మట దానిని మార్పించుటకు కూలిపని మానుకొని ఆఫీసులచుట్టు తిరుగువాడు ఆ బాలిక తండ్రి. కాబట్టి నూటికి తొంబదితొమ్మిది సరిగ వ్రాసినదని సంతోషించుట చాలదు. ఆ నూరవ బిడ్డ యెవరో కనుగొనుటయే సరిచూచుటయొక్క ప్రయోజనము.

3. దోషములు మూడు విధములు

నమూనా వ్రాతయందు వచ్చు దోషములను మూడు తరగతులుగ విభజింపవచ్చును.

మొదటిది రూపదోషము. అడిగిన ఆకారమున వ్రాయకపోవుట. సంఖ్య యుండవలసినచోట మాట యుండుట, ఒక గడి లోపించుట, ముందు వెనుకల అనవసరమైన వాక్యములు చేర్చుట మొదలగునవి.

రెండవది పొందికదోషము. ఆకారము సరియే, కాని వివరములు ఒకదానితో నొకటి పొసగవు. నూటికి 108 మార్కులు, ఫిబ్రవరి 31వ తేదీ, ఆరు విషయముల మార్కులు కూడగా మొత్తముతో సరిపోకపోవుట ఇట్టివి.

మూడవది సత్యదోషము. ఆకారము సరియే, పొందికయు సరియే, అయినను మూలలేఖలో నున్నది వేరు. 2011 జూన్ 5న పుట్టిన బాలిక 2011 మే 6న పుట్టినట్లు వ్రాయబడుట ఇట్టిది. రెండును మంచి తేదీలే. లేఖలో 05-06-2011 అని యున్నచో, మనదేశమున దినమును ముందుగా చదువుదుము. అమెరికావారు మాసమును ముందుగా చదువుదురు. అమెరికా వ్రాతలను విశేషముగ చదివిన నమూనా ఏ తీరున చదువునో ముందుగ చెప్పలేము.

మొదటి దోషమును పట్టుట సులభము, రెండవదానిని పట్టుట మధ్యమము, మూడవదానిని పట్టుట కష్టము. అపాయము మాత్రము ఈ వరుసకు తలక్రిందుగ నుండదు. అదే వరుసలో పెరుగుచుండును.

4. రూపమును సరిచూచుట

ప్రోగ్రాములు ఒకదానికొకటి వివరములు పంపుకొనుటకు జేసన్ అను వ్రాతపద్ధతి వాడుకలో నున్నది. ఇది 2013లో ప్రమాణముగ ప్రకటింపబడినది. ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ ప్రతి వివరమునకు పేరును, కోలన్ గుర్తును, విలువయు వ్రాసి, వివరమునకును వివరమునకును నడుమ కామా పెట్టుదురు. చివరి వివరము తరువాత కామా యుండరాదు. సంఖ్యలలో 0 మొదలు 9 వరకు గల అంకెలే యుండవలెను గాని తెలుగంకెలు పనికిరావు. ఈ నియమములలో ఏది తప్పినను చదువు ప్రోగ్రాము చదువనని నిరాకరించును.

పైథాన్ భాషలో పైడాంటిక్ అను గ్రంథాలయము 2017నుండి కలదు. అందులో మనము ముందుగ ఒక అచ్చును ప్రకటింతుము. పేరు మాట కావలెను, తేదీ తేదీ కావలెను, గణితపు మార్కు 0 మొదలు 100 వరకు గల పూర్ణసంఖ్య కావలెను అని. నమూనా వ్రాత ఆ అచ్చున పట్టకున్నచో, ఏ గడిలో ఏ నియమము తప్పినదో విడివిడిగ చెప్పును. "తప్పు" అని మాత్రము గీటు పెట్టు ఉపాధ్యాయునికిని, ఎచ్చట ఏల తప్పో అంచున వ్రాయు ఉపాధ్యాయునికిని గల భేదము ఇచ్చట కనబడును.

రూపదోషము పుట్టకుండ చేయు ఉపాయమును కలదు. నమూనా ప్రతి తునకను ఎన్నుకొను సమయమున, అచ్చునకు విరుద్ధమగు తునకలన్నిటి సంభావ్యతను సున్న చేయుదురు. అంకె రావలసినచోట అక్షరము రానేరదు. ఓపెన్‌ఏఐ సంస్థ 2024 ఆగష్టులో ఇట్టి సౌకర్యమును తన సేవలలో చేర్చినది. ఇది మేలైన ఉపాయమే. అయినను ఇది గడిని నింపించునే గాని, నిజముతో నింపించునని నమ్మరాదు.

ఇచ్చటనే ఒక ముఖ్యవిషయమును చెప్పవలెను. అచ్చులో ప్రతి గడియు తప్పక నింపవలెనని విధించినచో, లేఖలో లేని వివరమును సైతము నమూనా ఏదో యొకటి వ్రాసి నింపును. హిందీ మార్కు లేఖలో లేదు. గడి మాత్రము కావలెనని మనము పట్టుబట్టితిమి. అది 60 అని వ్రాసెను. ఈ అసత్యమునకు సగము బాధ్యత అచ్చు తయారుచేసినవారిది. కాబట్టి "లేఖలో కానరాలేదు" అనునది కూడ ఒప్పుకొనదగిన జవాబని అచ్చులో ముందుగనే వ్రాసి యుంచవలెను. తెలియదని చెప్పుటకు చోటులేని బడిలో అబద్ధము పెరుగును.

5. పొందికను సరిచూచుట

పొందికను చూచుటకు, వ్రాతలోనే కొంత అదనపు సమాచారము ఉండవలెను. పుస్తకముల వెనుక అట్టమీద నుండు ఐఎస్‌బీఎన్ అను పదమూడంకెల సంఖ్య దీనికి మంచి నిదర్శనము. 978-0-306-40615-7 అను సంఖ్యను చూడుడు. మొదటి పండ్రెండు అంకెలను వరుసగా 1, 3, 1, 3 అను గుణకములచే గుణించి కూడగా 93 వచ్చును. దీని తరువాతి పదుల సంఖ్య 100. నూరులోనుండి 93 తీసివేయగా 7. అదియే పదమూడవ అంకె. ఏ ఒక్క అంకె మారినను ఈ లెక్క తప్పి, దోషము బయటపడును.

అయితే ఈ పరీక్షకును ఒక మేర కలదు. ఆ సంఖ్యలోనే పదవ అంకెయైన 6ను, పదునొకండవ అంకెయైన 1ని తారుమారు చేసి 978-0-306-40165-7 అని వ్రాయుడు. ఇప్పుడు మొత్తము 83. తొంబదిలోనుండి 83 తీసివేయగా మరల 7 వచ్చును. సంఖ్య తప్పినది, పరీక్ష మాత్రము ఒప్పుకొన్నది! 5 భేదముగల ప్రక్క అంకెలు తారుమారైనచో ఈ పద్ధతి పట్టజాలదు. మన ఆధార్ సంఖ్యలోని చివరి అంకెకు వాడు వెర్హూఫ్ పద్ధతి ఇట్టి తారుమారులన్నిటిని పట్టగలదు. ప్రతి పరీక్షకును అది పట్టజాలని తప్పులు కొన్ని కలవనియు, అవి యేవియో ముందుగ ఎరిగియుండవలెననియు దీనివలన నేర్చుకొనవలెను.

ఇప్పుడు మన బాలిక మార్కులను చూతము. లేఖలో ఇట్లున్నది: తెలుగు 78, హిందీ 64, ఇంగ్లీషు 71, గణితము 86, సామాన్యశాస్త్రము 69, సాంఘికశాస్త్రము 73, మొత్తము 441. నమూనా వ్రాసినదానిలో గణితము 68 అని పడినది, మిగిలినవన్నియు సరియే. ప్రోగ్రాము ఆరింటిని కూడగా 423 వచ్చినది. మొత్తము గడిలో 441 ఉన్నది. భేదము 18. ఎక్కడనో తప్పినదని తెలిసినది.

జమాఖర్చులు వ్రాయు గుమాస్తాలు ఎరిగిన ప్రాత సూత్ర మొకటి కలదు. భేదము 9చే భాగింపబడినచో, రెండంకెలు తారుమారైనవేమో యని చూడవలెను. 18 తొమ్మిదిచే భాగింపబడును. తిరుగవేసినచో 18 పెరుగు మార్కు ఏది యని ఆరింటిని చూడగా, 68 ఒక్కటియే అట్టిది. కాబట్టి ప్రోగ్రాము గణితపు మార్కును అనుమానింపవచ్చును. అనుమానింపవచ్చును గాని, తనంతట తానే 86 అని దిద్దరాదు. ఏలయన, మొత్తమే తప్పుగ వ్రాయబడినదేమో, పూర్వపాఠశాలవారే కూడికలో పొరబడిరేమో, లేఖను చూడక ఎట్లు తెలియును?

6. సత్యమును సరిచూచుట

నమూనా వ్రాసినదానిని ఎన్నిసార్లు త్రిప్పి చూచినను సత్యదోషము కనబడదు. మూలలేఖతో పోల్చి చూచినగాని అది పట్టుబడదు. దీనికి ప్రోగ్రామువలన చేయదగిన ఉపాయ మిది. ప్రతి వివరముతోపాటు, అది లేఖలో ఏ మాటలలో ఉన్నదో ఆ మాటలను యథాతథముగ ఎత్తి వ్రాయవలెనని నమూనాను ఆజ్ఞాపింతుము. పిమ్మట మన ప్రోగ్రాము ఆ మాటలు మూలలేఖలో అక్షరమక్షరము ఉన్నవో లేవో వెదకును. "గణితము 86" అను తునక లేఖలో దొరకును; "గణితము 68" అనునది దొరకదు. ఇది వెదకుట మాత్రమే గనుక, ఊహకు తావులేదు. రెండవమెట్టున, గడిలో వ్రాసిన విలువయు, ఎత్తిచూపిన మాటలలోని విలువయు ఒక్కటియేనా యని చూడవలెను.

తెలుగు వ్రాతలో ఈ వెదకుటకు ఒక చిక్కు కలదు. డేవిడ్ వంటి పొల్లుతో ముగియు పేరు టైపు చేయునపుడు, చివర కంటికి కనబడని ఒక గుర్తు చేరుట సామాన్యము. మనకు రెండును ఒక్కటిగనే కనబడును, యంత్రమునకు వేరు. అట్లే 2011 అని యొకరు, ౨౦౧౧ అని యొకరు వ్రాయుదురు. కావున పోల్చుటకు ముందు రెండుప్రక్కలను ఒకే నియమముచే శుభ్రపరచవలెను. కనబడని గుర్తులను పేరు చివరనుండి తొలగించుట, తెలుగంకెలను వాడుక అంకెలుగ మార్చుట అర్థమును చెరుపవు. పైథాన్ భాష తెలుగంకెలను సైతము సంఖ్యలుగ చదువగలదు.

సరిచూచుటకు మూలము కావలెను గాని, వ్రాసిన నమూనానే సాక్షిగ నిలుపరాదు. 2023లో అమెరికాలోని న్యూయార్కు ఫెడరల్ కోర్టున మాటా వర్సెస్ ఎవియాంకా అను వ్యాజ్యమున ఈ సంగతి ప్రసిద్ధమైనది. ఒక న్యాయవాది చాట్‌జీపీటీ చూపిన పూర్వతీర్పులను కోర్టునకు సమర్పించెను. అందు పలు తీర్పులు ఎన్నడును లేనివే. ఆ తీర్పు నిజమైనదేనా యని అతడు ఆ నమూనానే అడిగియుండెను. అదియు నిజమేయని చెప్పెను. 2023 జూన్‌లో కోర్టు 5,000 డాలర్ల జుల్మానా విధించెను. తీర్పుల గ్రంథమును ఒక్కసారి తెరచి చూచినచో సంగతి తేలియుండును. ఒక్క సాక్షి మాటపై తీర్మానము చేయరాదని ద్వితీయోపదేశకాండములో విధింపబడిన సంగతి మనము ఎరిగినదే. ఒకే సాక్షిని రెండుమారులు పిలిచినంతమాత్రమున ఇద్దరు సాక్షులు కారు.

7. దిద్దుట యెట్లు?

దిద్దుబాటుకు గణితమున ఒక ఉజ్జ్వలమైన దృష్టాంతము కలదు. 1947 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో రిచర్డ్ హ్యామింగ్ అను గణితజ్ఞుడు వారాంతములందు కంప్యూటరును నడుపుచుండెను. తప్పు దొరలినచో యంత్రము దానిని పసిగట్టి, ఆ పనిని వదలివేయుచుండెను. తప్పున్నదని ఎరుగగల యంత్రము అది యెచ్చట నున్నదో ఏల కనుగొనరాదని అతడు విచారించి, 1950లో తన పద్ధతిని ప్రకటించెను. నాలుగు సమాచారపు అంకెలకు మూడు పరీక్షాంకెలను చేర్చినచో, ఏ ఒక్క అంకె చెడినను ఆ మూడింటి సాక్ష్యమువలన చెడిన స్థానము తెలియును. అంకెలు 0, 1 మాత్రమే గనుక, స్థానము తెలిసినచో దిద్దుబాటును తెలిసినట్లే.

ఈ పద్ధతి ఏల ఫలించినది? చెడిన స్థానమును చూపుటకు తగినంత అదనపు సమాచారము ముందుగనే చేర్చబడుటచేత. అట్టిది లేనిచోట చేయు దిద్దుబాటు ఊహ యగును. ఈ సూత్రమునుబట్టి నమూనా వ్రాతల దిద్దుబాట్లను నాలుగు మెట్లుగ ఏర్పరుపవచ్చును.

మొదటిమెట్టు యాంత్రికమైన దిద్దుబాటు. "మీరు కోరిన వివరములు ఇవిగో" అను ముందుమాటను కొట్టివేయుట, చివరి కామాను తీసివేయుట, అదనపు ఖాళీలను తొలగించుట. ఇవి అర్థమును ముట్టవు గనుక ప్రోగ్రాము అడుగకయే చేయవచ్చును.

రెండవమెట్టు మరల అడుగుట. తప్పు ఎచ్చట ఉన్నదో స్పష్టముగ చెప్పి నమూనాచేతనే మరల వ్రాయించుట. ఇచ్చట మనము చెప్పు మాటయే ప్రధానము. "మొత్తము సరిపోలేదు, సరిచేయుము" అని మాత్రము చెప్పినచో, నమూనా 441ని 423గా మార్చి యొసగవచ్చును. కూడిక సరిపోవును, పరీక్ష నెగ్గును, బాలికకు పదునెనిమిది మార్కులు పోవును. తప్పు పోలేదు, తప్పును చూపు గుర్తు పోయినది. అట్లు గాక, "గణితము 68 అని వ్రాసితివి, లేఖలో ఆ మార్కు ఉన్న మాటలను ఎత్తి చూపి, వానినిబట్టి మరల వ్రాయుము" అని చెప్పవలెను. మరల వచ్చిన వ్రాతకు మొదటినుండి అన్ని పరీక్షలను తిరిగి జరుపవలెను. దిద్దిన గడిని మాత్రము చూచి వదలరాదు. ఇట్లు అడుగుట రెండు మూడు సార్లకు మించరాదు. అంతకు మించినచో కాలమును సొమ్మును వ్యయమగుటయే గాక, ఏదో యొకటి వ్రాసి పరీక్షను నెగ్గు అవకాశము పెరుగును.

మూడవమెట్టు విడిచిపెట్టుట. గడిని ఖాళీగ నుంచి, "సరిచూడబడలేదు" అని గురుతు వేయుట. ఖాళీగడి సిగ్గుచేటు కాదు. జావాస్క్రిప్ట్ భాషలో సంవత్సరము, మాసము, దినము వేరువేరు సంఖ్యలుగ నిచ్చి 2011 ఫిబ్రవరి 31 అను తేదీని కట్టబోయినచో, అది తప్పని చెప్పక 2011 మార్చి 3గా మార్చుకొనును. పైథాన్ భాషలోని తేదీ సాధనమో, అట్టి దినము లేదని నిరాకరించును. పాఠశాల రిజిస్టరు విషయమున నిరాకరించు సాధనమే మనకు మిత్రము.

నాలుగవమెట్టు మనుష్యుని చేతికిచ్చుట. గుర్తువేసిన లేఖలను గుమాస్తా చేతికిచ్చి, లేఖను, నమూనా వ్రాతను, తప్పిన నియమమును ప్రక్కప్రక్కన చూపవలెను. అన్ని లేఖలను చదువవలసిన గుమాస్తా అలసి కన్నుమూయును. కొద్దిపాటి లేఖలను చదువవలసినవాడు శ్రద్ధగ చదువును.

8. మూలమును చెరుపరాదు

దిద్దువారు ఎరుగవలసిన మరియొక ధర్మము కలదు. హెబ్రీ లేఖనములను క్రీ. శ. 6వ శతాబ్దమునుండి 10వ శతాబ్దమువరకు కాపాడి ప్రతులు వ్రాసిన మసోరెతులు అను పండితులు, గ్రంథముల మాటలను అక్షరములను లెక్కించి అంచులందు గుర్తించియుంచిరి. వ్రాయబడిన మాట ఒకటియు, చదువవలసిన మాట వేరొకటియు అని వారికి తోచినచోట, పూర్వము వ్రాయబడిన హల్లులను మార్చలేదు. వానిని అట్లే యుంచి, చదువవలసినది అంచున వ్రాసిరి. కాబట్టి వెయ్యేండ్ల పిమ్మటను, వారికి లభించినది ఏమో, వారు తలంచినది ఏమో వేరువేరుగ మనకు తెలియుచున్నది.

మన ప్రోగ్రామును ఈ ధర్మమునే పాటింపవలెను. మూలలేఖయు, నమూనా మొదట వ్రాసినదియు, ప్రతి దిద్దుబాటును, దానికి కారణమైన నియమమును, తేదీతో కూడ భద్రపరుపవలెను. ఏండ్లు గడచిన పిమ్మట ఆ బాలిక వచ్చి, తన తేదీ ఎట్లు మారినదని అడిగినచో, పాఠశాల జవాబు చెప్పగలిగి యుండవలెను గదా. మరియు లేఖలలోనిది పిల్లల స్వవిషయము. మనదేశమున 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి వివరముల విషయమున తలిదండ్రుల సమ్మతిని కోరుచున్నది. కావున పరాయి సంస్థ యంత్రమునకు లేఖను పంపుటకు ముందే తలిదండ్రులకు తెలియజేయుట న్యాయము.

9. ప్రోగ్రాము నడచు వరుస

పైన చెప్పినదంతయు సంగ్రహముగ వ్రాసినచో, ప్రోగ్రాము ఈ వరుసను నడచును.

1. మూలలేఖను మార్పులేకుండ భద్రపరచుము.
2. అచ్చును, "కానరాలేదు" అను అనుమతిని చూపి, ఎత్తివ్రాతలతో సహా వివరములను నమూనాను కోరుము.
3. వచ్చినదానిని శుభ్రపరచి జేసన్‌గా చదువుము. చదువబడనిచో 7వ మెట్టునకు పొమ్ము.
4. ప్రతి గడి రూపమును, మేరను చూడుము.
5. గడుల పరస్పర పొందికను చూడుము.
6. ఎత్తివ్రాతలను మూలలేఖలో వెదకి, గడులలోని విలువలతో పోల్చుము. అన్నియు సరియైనచో రిజిస్టరునకు పంపి ముగింపుము.
7. తప్పిన నియమములను పేర్కొని మరల అడుగుము. పిమ్మట 3వ మెట్టునకు పొమ్ము. రెండుసార్లు అడిగినను తీరనిచో గుర్తువేసి మనుష్యుని చేతికిమ్ము.
8. ఏ దారిని ముగిసినను, జరిగినదంతయు దినచర్యలో వ్రాయుము.

ఈ ప్రోగ్రామును వాడుకకు తెచ్చుటకు ముందు, మనుష్యులు సరిచూచి యుంచిన నూరు లేఖలను దీనిచేత వ్రాయించి పోల్చవలెను. ఎన్ని తప్పులు వ్రాసినదనునదే గాక, ఎన్ని తప్పులు పరీక్షలకు చిక్కక రిజిస్టరు చేరినవో వేరుగ లెక్కింపవలెను. ఆ రెండవ లెక్కయే ముఖ్యము.

అభ్యాసములు

1. మీ పాఠ్యేతర పుస్తకములలో నొకదాని ఐఎస్‌బీఎన్ సంఖ్యను పైన చెప్పినరీతిని సరిచూడుడు. ప్రక్క అంకెలను తారుమారు చేసి, ఏ జంటను పరీక్ష పట్టజాలదో కనుగొనుడు.
2. ఒక బాలుని మార్కుల కూడికకును, వ్రాసిన మొత్తమునకును 27 భేదము వచ్చినది. ఎట్టి మార్కులను అనుమానింపవలెను? ఏల?
3. మూడుమారులు అడిగినను నమూనా ఒకే జవాబు చెప్పినది. ఇది సత్యమునకు రుజువగునా? భాగహారము తప్పుగ నేర్చిన బాలుని దృష్టాంతముతో చర్చింపుడు.
4. పాఠశాల గ్రంథాలయపు చిట్టాకై ఒక అచ్చును తయారుచేసి, అందు ఏ గడులకు "కానరాలేదు" అను జవాబును అనుమతింతురో వ్రాయుడు.

విద్యార్థులారా, మీలో కొందరు ముందుముందు ఇట్టి ప్రోగ్రాములను వ్రాయుదురు. అందరును వానిచే వ్రాయబడిన కాగితములను చేతబట్టుకొని తిరుగుదురు. వ్రాయువారు పరీక్షను నెగ్గు జవాబుకును, లేఖలోనున్న జవాబుకును గల భేదమును మరువకుందురు గాక. కాగితము చేతికి వచ్చినవారు, యంత్రము వ్రాసినదని భయపడక, ఈ అంకె ఎక్కడనుండి వచ్చినదో చూపుడని వినయముతో అడుగుడు. తలిదండ్రులకు మా మనవి యేమనగా, పదవ తరగతి నామినల్ రోలుపై సంతకము చేయుటకు ముందు మీ బిడ్డ పుట్టినతేదీని జననపత్రముతో ఒక్కసారి పోల్చి చూడుడు. ఎన్ని పరీక్షలు జరిపిన ప్రోగ్రామునకైనను మీ కన్నులు మంచి రెండవ సాక్షి యగును.